తోడు మనిషి

మా అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఈ మాట నేను చాటుగా అనేది కాదు, ఆమె మొహం మీదే అంటాను, ఆమె కూడా నవ్వి ఒప్పుకుంటుంది. ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించి, రంగు వేసి, తల కడిగి పంపే షాపు మాది. కత్తెర నాది, రంగూ నీళ్ళూ అక్కవి. బేసిన్‌లోకి తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, గోరువెచ్చటి నీళ్ళు మాడు మీద పడుతుంటే ఎంత గుట్టుమనిషైనా నోరు విప్పాల్సిందే. ఈ వీధిలో ఎవరి అత్తగారికి మతిమరుపు మొదలైందో, ఎవరి ఉద్యోగం ఊడబోతోందో వాళ్ళ ఇంట్లోవాళ్ళకన్నా ముందు మా బేసిన్‌కి తెలుస్తుంది. దీనికి అక్క దగ్గర ఒక కిటుకు ఉంది. ఏమీ తెలియకపోయినా అంతా తెలిసినట్టే మాట్లాడుతుంది. "తెలుసులే అమ్మా, నీ సంగతి నాకు తెలీదా" అంటుంది. ఎలాగూ తెలిసిపోయింది కదా అని అవతలి మనిషి మిగతాది తనే చెప్పేస్తుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం మా అక్క.

అలాంటి అక్కకు కన్నకొడుకు నోటి నుంచి మాట రావడం ఆగిపోయింది. వాడికి పదిహేడేళ్ళు. పుట్టినప్పుడే తలనిండా ఉంగరాల జుట్టు, అందుకని ఇంట్లోనూ షాపులోనూ అందరూ వాణ్ణి రింగూ అనే పిలుస్తారు. వాగుడుకాయగా పెరిగినవాడు, పై క్లాసుకొచ్చాక మెల్లగా తగ్గిపోయాడు. ముందు స్నేహితులు రావడం మానేశారు, తర్వాత వీడు మాతో కలిసి తినడం మానేశాడు. ఆ తర్వాత బడి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున బ్యాగు తగిలించుకుని మా కళ్ళముందే బస్సెక్కేవాడు బడికి చేరడం లేదట. సాయంత్రం మాత్రం వేళకు ఇంటికొస్తాడు. ఎక్కడికి వెళ్తున్నావురా అంటే "ఎక్కడికీ లేదు" అంటాడు, గది తలుపు పడుతుంది. ఆ మాట వింటే మొదట్లో నాకు ఒళ్ళు మండేది, తర్వాత్తర్వాత భయం వేసేది.

నేను వాళ్ళతోనే ఉంటాను. నాకు పెళ్ళి పొసగలేదు, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. బావ లారీ మీద తిరుగుతాడు. ఇంట్లో ఉండేది తక్కువ, ఫోన్లో గదమాయించేది ఎక్కువ. "వాడి వయసులో నేను" అని ఆయన మొదలుపెట్టగానే అక్క ఫోను పెట్టేసేది. ఆమె బుర్రలో తిరుగుతున్నవి వేరు. మత్తుకి అలవాటు పడ్డాడేమో, చెడ్డవాళ్ళ చేతిలో పడ్డాడేమో, రైలుపట్టాల పక్కన తిరుగుతున్నాడేమో. పగలంతా తన బిడ్డ ఎక్కడుంటున్నాడో తెలియని మనిషి, పగలంతా పరాయివాళ్ళ తలలు కడుగుతూ నిలబడేది.

మొదట పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు మంచివాడే, కానీ అడిగిందంతా అక్కనే అడిగాడు. నిద్ర పోతున్నాడా, తింటున్నాడా, కోపం వస్తుందా, ఏం ఆలోచిస్తుంటాడు. అక్కా తక్కువ తినలేదు, అన్నిటికీ జవాబు చెప్పింది, వాడు ఏం ఆలోచిస్తుంటాడో కూడా చెప్పింది. వాడు ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టిన సామానులా కూర్చున్నాడు. బయటికొచ్చాక ఒక్కటే అన్నాడు. "నేను రాకపోయినా సరిపోయేది. మీరూ మీరూ మాట్లాడుకున్నారు." మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ తర్వాత వాళ్ళ క్లాసు టీచరే ఇంకో చోటు చెప్పింది. సైకిల్ షాపు మీద మేడ. ఆసుపత్రి అని బోర్డు ఉండదు, మెట్ల పక్కన పచ్చరంగు తలుపు ఒకటి ఉంటుంది, అంతే. మనసు బాగోలేని కుర్రకారు కోసమే పెట్టిన సెంటరు. మధ్యాహ్నం దాటాకే తెరుస్తారు, ఎందుకంటే అక్కడికొచ్చేవాళ్ళకు పొద్దున్నే రావడం ఇష్టం లేదట. గోడలకు ఏ రంగు వెయ్యాలో, ఎలాంటి కుర్చీలు కావాలో, డాక్టరు తెల్లకోటు వేసుకోవాలో వద్దో అన్నీ పిల్లల కమిటీయే తేల్చింది. డాక్టరమ్మ కూడా కమిటీ మాట దాటదు. తెల్లకోటు లేకుండా, మామూలు చెప్పులతో తిరిగే ఆవిడను చూసి నేను మొదటిరోజు ఊడ్చే మనిషనుకున్నాను. మా కాలంలో పిల్లల మాట ఎవడు విన్నాడని సణిగాను గానీ, లోపల కుళ్ళుకున్నాను కూడా. ఆ వయసులో నాకూ అలాంటి మేడ ఒకటి ఉంటే బాగుండేది.

అక్కడ రింగుతో మాట్లాడే అమ్మాయిని అందరూ సీనియర్ అంటారు. ఆమె డాక్టరు కాదు. ఒకప్పుడు అవే మెట్లెక్కి, అదే గదిలో కూర్చుని ఏడ్చిన పిల్ల. కోలుకున్నాక శిక్షణ తీసుకుని అక్కడే పనికి కుదిరింది. ఇలాంటివాళ్ళు ముందు మాట్లాడతారు, డాక్టరమ్మ తర్వాత మాట్లాడుతుంది, అదీ వాళ్ళ పద్ధతి. సీనియర్ మొదటిరోజే రింగు వైపు తిరిగి కూర్చుంది, మా వైపు కాదు.

"ఇక్కడ నువ్వొక తోడు మనిషిని పెట్టుకోవచ్చు," అంది వాడితో. "అమ్మే అవ్వాలని లేదు. ఫ్రెండైనా సరే, ఎదురింటావిడైనా సరే, ఎవరూ వద్దన్నా సరే. తోడు మనిషి పక్కన కూర్చుంటారు, నువ్వడిగితేనే మాట్లాడతారు. విన్నది గడప దాటకూడదు. ప్రాణం మీదకొచ్చే సంగతైతే ఇంట్లో చెప్తాం, అది కూడా ముందు నీకు చెప్పాకే. ఎవరు కావాలి నీకు?"

అక్క అప్పటికే హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని సిద్ధంగా ఉంది. రింగు నేల చూస్తూ, "పిన్ని," అన్నాడు.

"సరే, మంచిదే కదా," అని అక్క లేచింది. నవ్వుతూనే లేచింది. కిందికి దిగి సైకిల్ షాపు ముందు స్టూలు మీద కూర్చుంది. నేను దిగి వచ్చేసరికి షాపతను ఆమెకు టీ తెప్పించి ఇచ్చాడు, ఆమె అతని కూతురి కాపురం కష్టాలన్నీ వినేసింది. కానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా చేతిలోని గొడుగు లాక్కుని దారంతా తనే పట్టుకుంది.

రింగు చాలా వారాలు ఏమీ చెప్పలేదు. సీనియర్ తొందరపెట్టలేదు. ఇద్దరూ పేకముక్కలు ఆడేవాళ్ళు, నేను పక్కన కూర్చుని ఆవలింతలు ఆపుకునేదాన్ని. ఒకరోజు ముక్కలు కలుపుతూనే వాడు చెప్పడం మొదలుపెట్టాడు. క్లాసులోకి వెళ్ళి తలుపు వేయగానే ఛాతీ బిగుసుకుపోతుందట. చేతులు చల్లబడతాయట. అందరూ తననే చూస్తున్నట్టు ఉంటుందట. ఒకసారి అందరి ముందూ కుప్పకూలి పడిపోయాడట, లేచేసరికి ఎవడో ఫోన్లో తీస్తున్నాడట.

"అందుకే బడి స్టాపులో దిగను," అన్నాడు. "చివరిదాకా వెళ్తాను. డిపోలో వెయిటింగ్ హాలుంది. అక్కడ కూర్చుంటాను. అందరూ ఎక్కడికో వెళ్ళే హడావుడిలో ఉంటారు, నన్నెవరూ చూడరు. అక్కడ ఊపిరి ఆడుతుంది."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మత్తు కాదు, రైలుపట్టాలు కాదు. బస్సు డిపోలో ఒక బెంచీ. ఇంతేనా, ఇంత చిన్నదా, అక్కకు చెప్తే ఈ క్షణమే ఆమె గుండె మీద బండరాయి దిగిపోతుంది కదా అనిపించింది. సీనియర్ మాత్రం వాణ్ణి తప్పుపట్టలేదు. "నీకొక చోటుంది, అది మంచిదే, దాన్ని ఇప్పుడే వదలొద్దు," అంది. "ఎప్పుడైనా ఓపికున్న రోజు బడి స్టాపులో దిగి గేటు దాకా వెళ్ళి చూడు. లోపలికి వెళ్ళక్కర్లేదు. గేటు చూసి మళ్ళీ డిపోకి వెళ్ళిపో." వాడు అలాగే చేశాడు. గేటు దాకా, తర్వాత మెట్ల దాకా, తర్వాత ఒక పీరియడు. ఆ డిపో బెంచీ వెనకాల ఉందన్న ధీమాతోనే వాడు ముందుకు అడుగు వేస్తున్నాడని నాలాంటి మొద్దుకి కూడా అర్థమైంది.

అక్కకు మాత్రం ఇవేవీ తెలియవు. తెలియక తల్లడిల్లిపోయేది. నా కుర్చీలో కస్టమర్ తల తడిగా ఉండగానే ఆ తల మీదుగా నన్ను నిలదీసేది.

"ఎక్కడికి వెళ్తున్నాడో ఒక్కటి చెప్పవే. ఇంకేం అడగను."

"చెప్పకూడదక్కా."

"ప్రాణానికి భయమున్న చోటా? అదైనా చెప్పు."

"భయం లేని చోటే. నన్ను నమ్ము."

"నీకు తెలిసి నాకు తెలీకపోవడం ఏంటే. కన్నది నేను."

"కన్నావు కాబట్టే నీకు చెప్పలేకపోతున్నాడేమో."

ఆ మాట నోరు జారింది. కస్టమర్ ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూసి, చివర్లు కాస్త తక్కువే కత్తిరించండి చాలు అంది. అక్క వెళ్ళి తువ్వాళ్ళు మడత పెట్టసాగింది. మడిచినవే విప్పి మళ్ళీ మడిచింది.

నేనేదో అన్నానని ఆమె ఊరుకుంటుందనుకోవడం నా తెలివితక్కువ. ఒకరోజు సైకిల్ షాపు దగ్గర సీనియర్‌ని పట్టుకుంది. "చివర్లు చిట్లిపోయాయమ్మా, అలా వదిలేస్తే ఎలా, మా షాపుకి రా, నేను చూస్తాను," అంది. ఆ పిల్ల సెలవురోజు మధ్యాహ్నం వచ్చింది. నేను గుమ్మంలోనే ఆపి, నా కుర్చీ ఖాళీ అయ్యేదాకా కూర్చోమన్నాను. "ముందు తల కడగొద్దూ," అంటూ అక్క ఆమె భుజం పట్టుకుని బేసిన్ దగ్గరికి నడిపించుకుపోయింది. నా చేతిలో డ్రయ్యరు, నా కుర్చీలో ఒత్తు జుట్టు మనిషి, ఆవిడకు పెళ్ళివాళ్ళింటికి వెళ్ళే తొందర. డ్రయ్యరు హోరులో నాకు ఏమీ వినపడలేదు. అక్క పెదాలు కదలడం మాత్రం కనపడింది. వేళ్ళు మెల్లగా ఆ పిల్ల మాడు మీద తిరుగుతున్నాయి, ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఉంది. నిద్రలో నవ్వినట్టు నవ్వింది, ఏదో అంది. అక్క చేతులు ఆగిపోయాయి. ఆ పిల్ల కళ్ళు తెరిచింది.

నేను డ్రయ్యరు ఆపేసరికి ఆలస్యమైంది.

"మీకు తెలుసు కదా ఆంటీ," అంటోంది సీనియర్, తల బేసిన్‌లో ఉండగానే. "వాడు మీకు చెప్పేశాడన్నారు కదా. అందుకే కదా నేను, డిపోకి వెళ్ళడం తగ్గిందని..."

"చెప్పాడమ్మా, చెప్పాడు," అని అక్క ఆమె తలకు తువ్వాలు చుట్టింది. చుట్టిన తీరులోనే అబద్ధం తెలిసిపోతోంది. సీనియర్ లేచి కూర్చుని నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. చివర్లు కత్తిరించుకోకుండానే, తడిజుట్టుతోనే వెళ్ళిపోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ పిల్ల పెదవి దాటిన మాట మా బేసిన్ దగ్గర పడింది.

ఆ సాయంత్రం అక్కను కూర్చోబెట్టి చెప్పాను. "విన్నావు. విననట్టే ఉండు. వాడికి ఆ చోటొక్కటే ఉంది. నువ్వు తెలిసినట్టు మొహం కూడా పెట్టకు."

"పెట్టను. తెలిసింది, అదే చాలు. ఈ రోజు నిద్ర పడుతుంది," అంది. పాపం, నిజంగానే అనుకుని అంది. కొన్నాళ్ళు నోరు కట్టేసుకుంది కూడా. నేనే ఆశ్చర్యపోయాను.

ఒకరోజు రంగు సీసాలు తెద్దామని బజారుకు వెళ్ళి వచ్చేసరికి షాపులో అక్క లేదు. తలనిండా రంగు పట్టించిన కస్టమర్ ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది. "ఇప్పుడే వస్తానని క్యారియర్ పట్టుకుని వెళ్ళిందండీ, చాలాసేపైంది, నాకు తల మంట పుడుతోంది," అంది. ఎక్కడికి వెళ్ళిందో ఎవరూ చెప్పక్కర్లేదు. పరుగెత్తి బస్సెక్కుదామంటే ఎదురుగా ఈవిడ. అప్పటికప్పుడు కడగకపోతే ఆవిడ జుట్టు చేతిలోకి ఊడొచ్చేది. బేసిన్ దగ్గర నిలబడి, ఊరూపేరూ తెలియని మనిషి తల నీళ్ళు తేటబడేదాకా కడిగాను. నా జన్మలో అంత నెమ్మదిగా నీళ్ళు కారడం చూడలేదు. అక్కకు ఫోను చేస్తే అది కౌంటరు మీదే మోగింది.

డిపోలో జరిగింది తర్వాత అక్కే చెప్పింది. రింగు గోడ పక్క బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని పుస్తకం చదువుకుంటున్నాడట. మొహం తేటగా ఉందట, ఇంట్లో అలాంటి మొహం చూసి ఎన్నాళ్ళైందోనట. అది చూసి వెనక్కి వచ్చేసి ఉంటే సరిపోయేది. తల్లి కదా, వెళ్ళి పక్కన కూర్చుని క్యారియర్ విప్పింది. "తిను నాన్నా. నేనేం అననులే, రోజూ తెచ్చిపెడతాను," అందట. పక్కనున్నవాళ్ళు ఇటు తిరిగి చూశారట. వాడు ఆమెను చూసి, వాళ్ళను చూసి, పుస్తకం బ్యాగులో పెట్టుకుని, కదులుతున్న బస్సొకటి ఎక్కేశాడట. ఎటు వెళ్ళే బస్సో కూడా చూసుకోలేదట.

చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. అప్పటిదాకా మా ఇద్దరి ప్రాణాలూ గుమ్మంలోనే ఉన్నాయి. అక్క వైపు చూడలేదు. నా దగ్గర ఆగి, "రేపు సెంటర్‌కి రా. మాట్లాడాలి," అన్నాడు. పిన్నీ అని అనలేదు. వెళ్ళి తలుపేసుకున్నాడు.

"నేనే చెప్పేస్తానే," అంది అక్క. "నాదే తప్పని కాళ్ళు పట్టుకుంటాను."

"నీకెవరు చెప్పారని అడుగుతాడు. అప్పుడేం చెప్తావ్?"

ఆ సంగతి తెలిసింది ఆ గదిలో ఉన్నవాళ్ళకే. నేను కాదంటే ఆ పిల్లే అవుతుంది. ఆ పిల్ల అని తెలిస్తే వీడు ఇంక ఆ మెట్లెక్కడు, ఇంకే మెట్లూ ఎక్కడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను పోతే వాడికి ఒక పిన్ని పోతుంది. ఆమె పోతే వాడికి ఆ మేడే పోతుంది. ఎంత లెక్క వేసినా ఇదే తేలింది.

"నేనే చెప్పానంటాను," అన్నాను. "నువ్వు నోరెత్తకు."

"నాకెందుకో భయంగా ఉందే."

"ఆ భయమేదో బేసిన్ దగ్గర వేసుంటే బాగుండేది," అన్నాను. కసిగానే అన్నాను. ఆమె తల వంచుకుని విన్నది.

మర్నాడు ఆ గదిలో పేకముక్కలు లేవు. సీనియర్ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. డాక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడింది. ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే ఆ మనిషి ఎదురుగానే చెప్పాలి, అదీ కమిటీ పెట్టిన నియమమే. రింగు నా మోకాళ్ళ వైపు చూస్తూ మాట్లాడాడు.

"డిపో సంగతి ఈ గదిలోనే చెప్పాను. అమ్మకెలా తెలిసింది?"

"రింగూ, నేనొకటి చెప్పాలి," అని సీనియర్ మొదలుపెట్టింది.

"నేనే చెప్పానురా," అన్నాను ఆమె మాట పూర్తి కాకుండా. "మీ అమ్మ ఏడుపు చూడలేకపోయాను. నేనే చెప్పేశాను." సీనియర్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నోరు ముయ్యవే తల్లీ అన్నట్టు ఆమె వైపు చూశాను. మూసింది.

రింగు అరవలేదు. అరిచినా బాగుండేది. "నువ్వు వేరు అనుకున్నాను," అన్నాడు. తలుపు చూపించి, "ఇంక నువ్వు కింద కూర్చో," అన్నాడు. దిగాను. మెట్లు కనపడలేదు, గోడ పట్టుకుని దిగాను.

ఆ తర్వాత వాడు నాతో మాట్లాడలేదు. నేనున్న గదిలోకి రాడు, నేను పెట్టింది తినడు. కానీ ఆ మేడకు మాత్రం వెళ్తున్నాడు. నాకు అదే చాలనుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. తువ్వాళ్ళు ఆరేస్తూ, జుట్టు ఊడుస్తూ, నా అంత త్యాగం ఎవరు చేస్తారని అనుకునేదాన్ని. అక్క ఎప్పుడైనా జాలిగా చూస్తే, చూడు, బాగా చూడు అన్నట్టు నిలబడేదాన్ని.

ఒక మధ్యాహ్నం షాపులో కస్టమర్లు లేని వేళ రింగు వచ్చాడు. అక్క రంగు గిన్నెలు కడుగుతోంది. వాడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సీనియర్ చెప్పింది," అన్నాడు నాతో. "ఇక్కడ తల కడిగించుకుంటూ నోరు జారిందని. నువ్వు కిందికి దిగిన రోజే డాక్టర్‌కి చెప్పిందట. మొన్న కమిటీ ముందు కూర్చుని అందరికీ తనే చెప్పింది."

అక్క కుళాయి కట్టేసింది.

"మరి... ఇప్పుడు నీకు వేరేవాళ్ళని ఇస్తారా?" అని అడిగాను.

"ఇస్తామన్నారు. నేనే వద్దన్నాను. తప్పు చేసింది, నా మొహం చూసి చెప్పింది. తిట్టాను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయిపోయింది."

ఏది జరిగితే వీడు ముక్కలైపోతాడనుకున్నానో అది జరిగింది. వీడు నిలబడే ఉన్నాడు.

"నీ మీద కోపం మాత్రం పోవట్లేదు," అన్నాడు.

"నీ మంచి కోసమే కదరా..."

"తెలుసు. అమ్మ డిపోకి వచ్చింది కూడా నా మంచి కోసమే. ఆ ఆసుపత్రిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మీరు మాట్లాడుకుంది కూడా నా మంచి కోసమే. నిజం తెలిస్తే వీడు తట్టుకోలేడని నువ్వే అనేసుకున్నావు. నన్ను అడగలేదు. ఇన్నాళ్ళూ నిన్ను తిట్టుకుంటూ పడుకున్నాను, తెలుసా? చెయ్యని తప్పుకి నా చేత తిట్టించుకున్నావు. ఇప్పుడు నువ్వేం చెప్పినా అది నిజమా, నా మంచి కోసమా అని ఆలోచించాలి నేను."

నా నోరు ఈ వీధిలో అందరికీ తెలుసు. ఒక్క మాట అంటే నాలుగు అంటించే నోరు. ఆ పూట నేను దువ్వెనలోని వెంట్రుకలు ఏరుతూ నిలబడ్డాను. అక్క కొంగుతో మొహం తుడుచుకుంటోంది. వాడు మాత్రం ఏడవడం లేదు, కోపంగా కూడా లేడు, అలిసిపోయినట్టున్నాడు.

"డిపోకి వెళ్తున్నావా?" అంది అక్క సన్నగా.

"లేదు. అక్కడ కూర్చుంటే నువ్వు వస్తావేమోనని గుమ్మం వైపే చూస్తున్నాను. చదవడం కుదరట్లేదు."

"మరి పగలంతా ఎక్కడుంటున్నావ్ నాన్నా?"

"కొన్ని రోజులు బడికి వెళ్తున్నాను. మిగతా రోజులు ఇంకో చోటుంది."

"ఎక్కడ?"

"సీనియర్‌కి తెలుసు. మీకు చెప్పను."

"నేను తోడు రానా పోనీ?" అని అడిగాను. ఏ మొహం పెట్టుకుని అడిగానో నాకే తెలియదు. "మాట్లాడను. ఊరికే కూర్చుంటాను."

"తోడు ఎవరూ వద్దని చెప్పేశాను పిన్నీ," అన్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో పిన్నీ అన్నాడు. అది వినడానికి బాగానే ఉంది, అదే భరించలేకపోయాను.

మర్నాడు పొద్దున షాపు షట్టరు ఎత్తుతుంటే ఎదురుగా బస్టాపులో వాడు నిలబడి ఉన్నాడు. అక్కడ రెండు రకాల బస్సులు ఆగుతాయి. ఒకటి బడి వైపు వెళ్తుంది, ఇంకోటి ఊరి అవతలికి వెళ్తుంది. అక్క షట్టరు కర్ర పట్టుకుని అటే చూస్తోంది.

"ఏ బస్సో ఒక్కటి చూస్తానే," అంది. "వెంట వెళ్ళను. ఊరికే చూస్తాను."

నాకూ చూడాలనే ఉంది. ఆమెకన్నా ఎక్కువే ఉంది. ఆమె భుజం పట్టుకుని లోపలికి తిప్పాను, నేనూ తిరిగాను. తిరిగితే ఎదురుగా గోడ పొడవునా అద్దాలు, ఆ అద్దాల నిండా వీధి, బస్టాపు, బ్యాగు తగిలించుకున్న వాడు. అక్క నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది, తలుపు పడింది, కదిలి వెళ్ళిపోయింది. అది ఏ బస్సో మాకు తెలియదు.